రెండో బెంచీకి సన్మానం

పిల్లలందరికీ ఒకే పాఠం చెప్పడం హింస అని నాకు పోయిన ఏడాది జూన్ నెలలో తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ హింస చేస్తూనే ఉన్నాను. దానికి ప్రభుత్వం నాకు నెలనెలా జీతం ఇచ్చింది. ఒకసారి మండల స్థాయిలో ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది.

నా పేరు రాజలింగం. ఎర్రగుంటపల్లి ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టర్ని. నా హింస సంగతి నాకు తెలియజేసిన మహానుభావుడు జిల్లా సోపాన సమన్వయకర్త పరంధామం గారు. జిల్లా కేంద్రంలో శిక్షణ పెట్టి, ఏ ఇద్దరు పిల్లలూ ఒక్కలా నేర్చుకోరని, కాబట్టి ఏ ఇద్దరికీ ఒకే మాట ఒకేసారి చెప్పకూడదని ఆయన సెలవిచ్చారు. ఈ ముక్కను ఆయన జిల్లాలోని టీచర్లందరికీ ఒకే హాల్లో, ఒకే మైకులో, ఒకేసారి చెప్పారు. వెనక వరుసల వాళ్లకు వినపడలేదు. టీ తాగేటప్పుడు ముందు వరుసల వాళ్లు వాళ్లకు చెప్పారు.

పథకం పేరు 'స్వీయ సోపానం'. ప్రతి విద్యార్థికీ ఒక ట్యాబ్ ఇస్తారు. అది పిల్లవాడిని ప్రశ్నలడిగి వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తేలుస్తుంది, ఆ మెట్టుకు తగ్గ పాఠం చెబుతుంది. మొత్తం పది మెట్లు. ఇందులో నాకు పేచీ ఏమీ లేదు. అబద్ధమెందుకు, సంతోషించాను కూడా. పదో తరగతిలో వర్గ సమీకరణాలు చెబుతుంటే భాగహారం రాని పిల్లలు తలవంచుకుని కూర్చోవడం నేను ఏళ్ల తరబడి చూశాను. వాళ్ల కోసం వెనక్కి వెళితే ముందున్న వాళ్లు ఆవలించేవాళ్లు. ముందుకు వెళితే వెనకున్న వాళ్లు మిగిలిపోయేవాళ్లు. ట్యాబులొచ్చిన మొదటి పదిహేను రోజులూ బాగానే గడిచాయి. నవనీత అని నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. ఒకటే పాఠాన్ని మళ్లీ మళ్లీ చెప్పమని ట్యాబును సతాయించి, సిగ్గుపడే పని లేకుండా భిన్నాలు నేర్చేసుకుంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

కావలసినవి పైనుంచి రావడం మొదలుపెట్టాయి.

మొదటి ఉత్తర్వు నల్లబల్ల గురించి. దాని మీద రాసింది గదిలో ప్రతి కంటికీ కనపడుతుంది గనుక, ఒక అభ్యాసకుని సోపానానికి చెందిన విషయం మరొక అభ్యాసకుని దృష్టిపథంలో పడి అతని స్వీయ ప్రస్థానానికి విఘాతం కలుగుతుందట. హెడ్మాస్టర్ శంకరయ్యగారు ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చి బోర్డుకు కప్పించారు. శంకరయ్యగారు మంచివారు. పై అధికారులతో వాదనకు దిగిన పాపాన ఎన్నడూ పోలేదు. ఏ ఉత్తర్వు వచ్చినా కింద 'అమలు చేయబడుచున్నది' అని రాసి తిప్పి పంపేవారు. ఉత్తర్వులు ఎక్కువయ్యేసరికి ఆ మాటతో ఒక రబ్బరు ముద్ర చేయించుకున్నారు.

రెండోది నా గొంతు గురించి. ఇక మీదట మేము ఉపాధ్యాయులం కాదు, సౌకర్యకర్తలం. సౌకర్యకర్త కంఠధ్వని ఒక అభ్యాసకుని పరిధి దాటి మరొకరి చెవిన పడరాదు. దాంతో నేను తరగతిలో మాట్లాడటం మానేశాను. దగ్గు వస్తే ఎవరి మెట్టుకు తగినట్టు దగ్గాలో తెలియక వరండాలోకి వెళ్లి దగ్గి వచ్చేవాణ్ని. నాకు మిగిలిన ఉద్యోగం ట్యాబులకు ఛార్జింగ్ పెట్టడం. కరెంటు పోయిన రోజుల్లో అదీ ఉండేది కాదు.

తర్వాత ప్రార్థన వంతు వచ్చింది. అందరూ కలిసి ఒకే గొంతుతో పాడటం ఏకరూపతా దోషం అన్నారు. ఎవరి మెట్టును బట్టి వాళ్లు పాడాలి. కింది మెట్ల వాళ్లు మొదటి చరణం పూర్తిగా వంటబట్టేదాకా దాన్నే పాడాలి, పై మెట్ల వాళ్లు అర్థతాత్పర్యాలతో సహా పాడాలి. దుమ్ము రేగే మైదానంలో ఒక్కొక్కరూ ఒక్కో చోట నిలబడి ఒక్కో ముక్క పాడుతుంటే దారినపోయే వాళ్లు ఆగి, బడిలో ఏదో గొడవ జరుగుతున్నదని లోపలికి తొంగి చూసేవారు. ప్రార్థన ముగిసేసరికి మధ్యాహ్న భోజనం వాసన వచ్చేది.

ఆ భోజనం మీద కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ పిల్లకు ట్యాబు ఎప్పుడు చెబితే అప్పుడే వడ్డించాలని. కుండ ఒక్కటే గదా సారూ, ఒక్కొక్కరికి ఒక్కోపారి ఎట్ల ఉడుకుతది అని వంట చేసే ఎల్లవ్వ అడిగింది. శంకరయ్యగారు ముద్ర వేసి పంపేశారు. పిల్లలు ఎప్పటిలాగే గంట కొట్టగానే పళ్లేలు పట్టుకుని ఉరికారు. అమలు కాకుండా మిగిలిన ఉత్తర్వు అదొక్కటే.

అన్నింటికన్నా నాకు నచ్చింది వ్యక్తిగత కబడ్డీ. వేరువేరు సోపానాల పిల్లలు ఒకే కోర్టులో తలపడటం అన్యాయం కాబట్టి వ్యాయామ మాస్టారు మైదానమంతా సున్నంతో గళ్లు గీసి, గడికి ఒక్కరిని నిలబెట్టాడు. పిల్లవాడు కబడ్డీ కబడ్డీ అనుకుంటూ ఎవరూ లేని అవతలి వైపుకు వెళ్లి, ఎవరినీ తాకకుండా, ఎవరికీ దొరకకుండా తిరిగి వచ్చేవాడు. ఆ ఏడాది మా బడిలో కబడ్డీలో ఓడినవాళ్లు లేరు. అభినందిస్తూ జిల్లా నుంచి సందేశం వచ్చింది.

ఇంతవరకు నేను నవ్వుకుంటూనే ఉన్నాను. గంగజల సంగతి తెలిసేదాకా.

గంగజల పదో తరగతి. కిటికీ పక్కన రెండో బెంచీలో కూర్చుంటుంది. ఆ బెంచీలో రజిత, సౌమ్య, నవనీత, గంగజల నలుగురు. ఇన్నేళ్ల ఉద్యోగంలో లెక్క చదవడం పూర్తికాకముందే దాని లోపలి ముడి కనిపెట్టే పిల్లలు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. ఈ పిల్ల అందులో ఒకతి. తల్లి పోసవ్వ బీడీలు చుడుతుంది. తండ్రి లేడు. పది పాసై పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాస్తే హాస్టల్లో సీటు ఖాయమని నేనే తల్లీకూతుళ్లకు ఎన్నోసార్లు చెప్పాను.

బీడీలు చుట్టే వాడలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు నలుగురైదుగురు ఒక వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. చెయ్యి చురుకైన ఆమె పని ముందే అయిపోతుంది. కానీ లేచి వెళ్లదు. పక్కామె ఆకులు అందుకుని ఆమెవి కూడా చుడుతుంది. అందరి కట్టలూ అయ్యాకే అందరూ లేస్తారు. అలా కాకుండా లేచిపోయిన ఆమెను మర్నాడు పలకరించరు. గంగజల నడక నేర్చింది ఆ వాకిట్లోనే. తరగతిలోనూ అదే చేసేది. ట్యాబు మీద లెక్క రాగానే మనసులో చేసేసుకునేది. జవాబు నొక్కబోయే లోపల పక్కన నవనీత బిక్కమొహం కనపడేది. తన ట్యాబును ఒళ్లో పెట్టుకుని అటు తిరిగి, బెంచీ చెక్క మీద గోటితో గీస్తూ చెప్పేది. నవనీతకు అయ్యాక సౌమ్యకు, సౌమ్యకు అయ్యాక రజితకు. ముగ్గురికీ అయ్యాక ఇటు తిరిగి తన జవాబు నొక్కేది.

ట్యాబు మనిషి కాదు కదా, అది పక్కకు చూడలేదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంతసేపు పట్టిందో మాత్రమే చూస్తుంది. గంగజల చాలా నెమ్మదస్తురాలని తీర్మానించి ఒక మెట్టు దింపింది, ఇంకా తేలిక లెక్క ఇచ్చింది. తేలిక లెక్క కాబట్టి పక్కవాళ్లకు చెప్పడానికి ఆమెకు ఇంకాస్త తీరిక దొరికింది. అది ఇంకో మెట్టు దింపింది. అటు ముగ్గురూ అర్థం చేసుకుని వెంటవెంటనే జవాబులు నొక్కుతూ ఎక్కుతూ పోయారు. దీపావళి నాటికి సౌమ్య తొమ్మిదో మెట్టు మీద ఉంది. రజిత, నవనీత ఎనిమిది దాటారు. గంగజల ఒకటో మెట్టు మీద బాతు పిల్లల్ని లెక్కపెడుతున్నది.

ఇదంతా నాకు చెప్పింది సౌమ్యే. ఒకరోజు వరండాలో నా వెనకాలే వచ్చి ఏడ్చింది. "సార్, నాకు తొమ్మిది అని సూపెడ్తున్నది, దానికి ఒకటి అని సూపెడ్తున్నది. నేను దాని దగ్గర్నే నేర్సుకున్న సార్. ఇదేం లెక్క?" అంది.

గంగజలను పిలిచి, ముందు నీది నొక్కు, ఆ తర్వాత ఎవరికైనా చెప్పుకో అన్నాను. సరే సార్ అని తల ఊపింది. ఒక రోజంతా అలాగే కూర్చుంది. మర్నాడు మళ్లీ అటు తిరిగింది. అదేమిటే అంటే, తను నొక్కేస్తే ట్యాబు వెంటనే ఇంకో లెక్క ఇస్తుందట, అటు తిరిగి చెప్పడానికి సందే దొరకదట.

డిసెంబరులో అసలు ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదో సోపానం చేరని అభ్యాసకులను పబ్లిక్ పరీక్షకు పంపి వారి ఆత్మగౌరవాన్ని గాయపరచరాదు. వారికి హాల్ టికెట్ బదులు 'స్వీయ వేగ వత్సరం' ప్రసాదించవలెను. అంటే ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోవాలి. ఫెయిల్ అనే పాతకాలపు మాటను ప్రభుత్వం రద్దు చేసింది కాబట్టి దానికి ఈ పేరు పెట్టారు.

పోసవ్వ బడికి వచ్చింది. ఆమె ఎప్పుడూ గేటు దాటి లోపలికి వచ్చే మనిషి కాదు. స్టాఫ్ రూమ్ గడప దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా పొల్లకు సదువు రాదంటున్నరట గద సారూ," అంది. "మా అవ్వ బీడీలు జుట్టింది. నేను జుట్టిన. ఒక ఏడు ఇంటికాడ ఉంచితే ఇదీ చాట పడ్తది. పట్టినంక మల్ల ఇడ్సిపెట్టినోళ్లను నేనైతే సూడలే."

నేను చూసుకుంటానని మాటిచ్చాను. ఇచ్చిన మాట పట్టుకుని శంకరయ్యగారిని వెంటబెట్టుకుని జిల్లా కార్యాలయానికి వెళ్లాను. పరంధామం గారు సాదరంగా కూర్చోబెట్టారు. అంతా విని కళ్లు మూసుకుని తెరిచారు.

"చూడండి సౌకర్యకర్తగారూ, మీ వాత్సల్యం ప్రశంసనీయం. కానీ దత్తాంశానికి బంధుప్రీతి లేదు, పక్షపాతం లేదు. మనకే ఉంటాయి. అందుకే మనల్ని తప్పించి దాన్ని పెట్టాం," అన్నారు.

అయినా ఆయన దయగల మనిషి. పునఃపరీక్షకు అనుమతి ఇచ్చారు. పిల్ల ఒంటరిగా కూర్చోవాలి, హెడ్మాస్టర్ సాక్షిగా ఉండాలి. ఆ మర్నాడే గంగజలను శంకరయ్యగారి గదిలో కూర్చోబెట్టాం. పక్కన ఎవరూ లేరు. బాతుపిల్లల దగ్గర మొదలుపెట్టింది. నేను బయట ఎల్లవ్వ ఇచ్చిన టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల పదో మెట్టు చేరింది. శంకరయ్యగారు తలుపు తీసుకుని బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆయన ఉత్తర్వు చూడకుండా సంతోషపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

అంతలో ట్యాబు తెర ఎర్రబడింది. 'అనుమానాస్పద ప్రగతి' అని రాసి ఉంది. మొదటి సోపాన అభ్యాసకురాలికి ఈ వేగం అసాధ్యం గనుక, ఇతరులెవరో సహకరించినట్లు భావించడమైనది. ఈ పరికరం వార్షిక పరీక్షల వరకు పర్యవేక్షణలో ఉంచబడినది. అంతవరకు సోపానంలో మార్పు ఉండదు. ఆ గదిలో ఆమెతో పాటు ఉన్నది శంకరయ్యగారొక్కరే. అనుమానం తన మీదికి వచ్చిందని పాపం ఆయనకు అర్థమైంది. తర్వాత మెల్లగా, ఆ లెక్కలు నాకు రావు రాజలింగం, నీకు తెలుసు గదా అన్నారు. మేము మళ్లీ జిల్లాకు ఫోన్ చేశాం. వేగంగా చేయడం తప్పు కాదని, రోజుకొక మెట్టు చొప్పున వేగంగా చేయాలని పరంధామం గారు వివరించారు. ఇప్పుడు తాళం పడింది కాబట్టి చేసేదేమీ లేదన్నారు.

నేను రాష్ట్ర కార్యాలయానికి రాశాను. జవాబు రాలేదు. దాని బదులు ఫిబ్రవరిలో ఒక బృందం వచ్చింది.

రాష్ట్రం మొత్తం మీద అత్యధిక ప్రగతి చూపిన మూడు పరికరాలు మా బడిలోనే ఉన్నాయని, మూడూ ఒకే బెంచీ మీద ఉన్నాయని పైన ఎవరో కనిపెట్టారట. బృందం వాళ్లు రెండు రోజులు మా తరగతిలో పనిచేశారు. పిల్లలను బయటికి పంపేసి బెంచీని పరీక్షించారు. కిటికీ నుంచి వెలుతురు ఎంత పడుతున్నదో, బెంచీ ఎంత వాలుగా ఉందో కొలిచారు. చెక్క ఏమిటని అడిగితే మద్ది అని చెప్పాను, రాసుకున్నారు. పైన గోటి గీతలు కనపడితే భూతద్దం పెట్టి చూసి, ఇవి సహజమైనవేనా అని అడిగారు. పిల్లలు చెప్పుకునేటప్పుడు పడ్డవి అన్నాను. పిల్లలు చెప్పుకోవడం నిషేధం కదా అన్నారు. అయితే సహజమైనవే అన్నాను.

నివేదికలో దీన్ని 'స్థాన ప్రభావం' అన్నారు. ఆ బెంచీ మీద కూర్చున్నవారి మేధస్సు వికసిస్తుందని తేల్చారు. మరి అదే బెంచీ మీద నాలుగో పిల్ల ఒకటో మెట్టు మీద ఉంది కదా అని అడిగాను. నాలుగో స్థానపు దత్తాంశం మిగతావాటితో పొసగని అపవాదం కాబట్టి లెక్కలోంచి తొలగించామని చెప్పారు.

బెంచీకి రాష్ట్రస్థాయి సన్మానం అని ప్రకటించారు. మైదానంలో షామియానా వేశారు. కబడ్డీ గళ్ల మీద కుర్చీలు వేశారు. వేదిక మధ్యలో బెంచీని పెట్టి బంతిపూల దండ వేశారు. ఊళ్లోవాళ్లంతా వచ్చారు. పోసవ్వ కూడా వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. పరంధామం గారు బెంచీకి శాలువా కప్పి, ఈ దారు ఆసనం జిల్లా విద్యా చరిత్రలో ఒక మైలురాయి అని మాట్లాడారు. అన్ని బడుల్లోనూ ఇదే వాలుతో, ఇదే చెక్కతో బెంచీలు చేయిస్తామన్నారు. ముగ్గురమ్మాయిలనూ వేదిక మీదికి పిలిచి బెంచీ వెనకాల నిలబెట్టారు. గంగజల కింద పిల్లల్లో కూర్చుని ఉంది.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి సభలో లేచి మాట్లాడినవాణ్ని కాను. ఆ రోజు లేచాను.

"సార్, బెంచీ కాదు," అన్నాను. "ఆ ముగ్గురికీ చెప్పింది ఇదిగో ఈ పిల్ల. వాళ్లకు చెప్పడం కోసం ఆగబట్టే ఈ పిల్ల మెట్లు పోయాయి. దీనికి హాల్ టికెట్ ఇప్పించండి."

జనం కదిలారు. పరంధామం గారు నవ్వు చెదరకుండా నన్ను చూశారు. చేతిలోని ఫోనులో గంగజల పేరు వెతికి, మొదటి సోపానం అని పక్కవాళ్లకు చూపించారు. తర్వాత ఆమెను నిలబడమన్నారు.

"తల్లీ, నిర్భయంగా చెప్పు. నువ్వే గనక వారికి బోధించి ఉంటే నీ సోపానాన్ని పునఃపరిశీలిస్తాం. అది నీ హక్కు," అన్నారు. అక్కడ ఆగి నీళ్లు తాగారు. "అయితే అప్పుడు ఆ ముగ్గురిదీ పరాధీన ప్రగతి అవుతుంది. నిబంధనల ప్రకారం వారి హాల్ టికెట్లు రద్దు చేయవలసి ఉంటుంది. అందుచేత ఆలోచించి చెప్పు. నువ్వు చెప్పావా?"

నేను ఆయన్ని తిట్టుకోలేదు. ఆయనకు అది బెదిరింపు అని తెలియదు. నిబంధన ఉంది, చదివి వినిపించారు. అంతే.

గంగజల వేదిక వైపు చూసింది. రజిత ముందుకు రాబోయింది. సౌమ్య నోరు తెరిచింది. నవనీత అప్పటికే ఏడుస్తున్నది. గంగజల వాళ్లకు వద్దని తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆడవాళ్లలో తల్లి ఎక్కడుందో వెతుక్కుంది. పోసవ్వ ముఖంలో నాకేమీ కనపడలేదు. కూతురి వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది.

"నేనేం జెప్పలే సార్," అంది గంగజల. "బెంచి మీద కూసుంటేనే వాళ్లకు వచ్చింది."

చప్పట్లు మోగాయి. చూశారా, మొదటి సోపానంలో ఉన్నప్పటికీ ఎంతటి నిజాయితీ అని పరంధామం గారు మైకులో మెచ్చుకున్నారు. శాలువాతో సహా బెంచీని వ్యానులో ఎక్కించుకుని జిల్లా కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ కార్యాలయం ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారని విన్నాను. మర్నాటి నుంచి నలుగురు పిల్లలూ కిటికీ పక్కన కింద కూర్చున్నారు. గంగజల ట్యాబుకు తాళం పడింది కాబట్టి చెప్పడానికి ఆమెకు రోజంతా తీరికే. అంత తీరికగా పదో తరగతి లెక్కలు చెప్పించుకున్న పిల్లలు ఈ జిల్లాలో ఇంకెక్కడా ఉండరు.

మార్చి వచ్చింది. పరీక్షా కేంద్రం మా బడే. లెక్కల పరీక్ష రోజు లెక్కల మాస్టర్లను లోపల ఉండనివ్వరు కాబట్టి నేను రోడ్డుకు అవతల నిలబడ్డాను. పరీక్షల పేరు చెప్పి మూయించిన జిరాక్స్ దుకాణం అరుగు మీద గంగజల కూర్చుని ఉంది. స్వీయ వేగ వత్సరం పొందిన పిల్లలు పరీక్షల రోజుల్లో కూడా ట్యాబు ముందు హాజరు వేయించుకోవాలి. ముగ్గురూ వచ్చారు. హాల్ టికెట్లు చేతుల్లో పెట్టుకుని ఆమె చుట్టూ కూర్చున్నారు. వృత్తాల మీద సౌమ్యకు ఏదో అనుమానం. గంగజల అరుగు దుమ్ములో వేలితో బొమ్మ గీసి చెప్పింది. అయిందా అంది. అయింది అంది సౌమ్య. గంట కొట్టారు. ముగ్గురూ లేచి గేటు వైపు నడిచారు. నవనీత రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. పో అన్నట్టు ఈ పిల్ల చెయ్యి ఊపింది.

గేటు మూసేశారు. గంగజల అటూ ఇటూ చూసింది. అరుగు మీద ఎవరూ లేరు. ట్యాబు తెరిచింది. ఆ రోజుతో పర్యవేక్షణ ముగిసినట్టుంది, ప్రశ్న వచ్చింది. జవాబు వెంటనే నొక్కింది. ఇంకొకటి వచ్చింది, అదీ వెంటనే నొక్కింది. నేను దగ్గరికి వెళ్లేసరికి ట్యాబులోంచి చప్పట్లు, బాజాలు వినపడుతున్నాయి. రెండో సోపానం చేరినందుకు శుభాకాంక్షలట. చప్పుడు లోపల రాసేవాళ్లకు అడ్డమవుతుందని గంగజల గబగబా దాని మీద చున్నీ కప్పింది. నేను ఏదో అనబోయాను. సార్, మీరుండండి, వాళ్లు ఎట్ల రాస్తున్నరో చూస్కుందాం అంది. ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది, ఆ పిల్ల చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

పరీక్షలు ముగిసేదాకా రోజూ ఆమె ఒక్కతే ఆ అరుగు మీద కూర్చుంది. రోజుకొక మెట్టు చొప్పున ఎక్కింది. చివరి పరీక్ష నాడు ఏడో మెట్టు మీద ఉంది.

ముగ్గురూ పాసయ్యారు. సౌమ్యకు లెక్కల్లో మండలం ఫస్టు. పాలిటెక్నిక్ హాస్టల్లో సీటు వచ్చింది. వెళ్లేముందు గంగజల ఇంటికి వెళ్లిందట. గంగజల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్నదట. వీళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు.

మే నెలలో పరంధామం గారి నుంచి సందేశం వచ్చింది. ఏడాది పొడవునా మొదటి సోపానంలో స్తంభించిపోయిన అభ్యాసకురాలు మార్చిలో అనూహ్య ప్రగతి సాధించిన వైనం రాష్ట్ర కార్యాలయం దృష్టికి వచ్చినది, కారణం తెలియజేయవలెను. శంకరయ్యగారు ముద్ర తీసుకోబోయారు. నేను వద్దని, నేనే రాస్తానన్నాను. నాలుగు పేజీలు రాసి చించేశాను. ఆఖరికి ఒక్క వాక్యమే పంపాను. ఆ రోజుల్లో ఆమె పక్కన ఎవరూ లేరు అని.

కొత్త ఉత్తర్వు జూన్ మొదటి వారంలోనే వచ్చింది. ఎర్రగుంటపల్లి అనుభవం దృష్ట్యా ఇకమీదట ఏ అభ్యాసకుని పక్కనా మరొక అభ్యాసకుడు కూర్చొనరాదు. బెంచీలను తొలగించి మధ్య చెక్క తడికలు అమర్చవలెను. తడికలు వచ్చాయి. వడ్రంగులు బిగించిపోయారు. శంకరయ్యగారు ముద్ర వేశారు.

గంగజల మళ్లీ బడికి వస్తున్నది. ఒళ్లోని చాటను పోసవ్వే లాక్కుని పంపింది. తన గడిలో ఒక్కతే కూర్చుంటుంది. ప్రశ్న వస్తుంది, జవాబు నొక్కుతుంది. మొన్న తొమ్మిదో మెట్టు దాటింది. నవనీత లాంటి కొత్త పిల్ల ఒకతి అవతలి గడిలో ఉంది. లెక్క రాక ముక్కు ఎగబీలుస్తుంటే ఆ చప్పుడు ఇవతలికి వినపడుతుంది. మొదట్లో గంగజల తల ఎత్తి తడిక వైపు చూసేది. ఇప్పుడు చూడటం లేదు. ఈసారి హాల్ టికెట్ తప్పకుండా వస్తుంది.